జంతువుల ముద్దుపేర్లు, వాటి ఇతరార్థాలు

పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు, కథ చెప్పేటప్పుడు, ముద్దుగానో కోపంగానో ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు తెలుగువాళ్ళు జంతువులకు వాడే పేర్లు బడి పుస్తకాల్లోని పేర్ల కంటే వేరుగా ఉంటాయి. ఆవు అంబా అవుతుంది, కుక్క బౌబౌ అవుతుంది, నక్కకు బావ వరస వస్తుంది, గంగిరెద్దు డూడూ బసవన్న అవుతుంది. ఈ పేర్లలో చాలావాటికి పెద్దవాళ్ళ లోకంలో రెండో అర్థం ఉంది. దాచుకున్న డబ్బు హుష్‌కాకి అవుతుంది, మాట తప్పినవాడు కాకమ్మ కథలు చెబుతాడు, పై అధికారి ఏమన్నా తలూపేవాడు డూడూ బసవన్న అనిపించుకుంటాడు. తెలుగు జాతీయాల్లో పదునైనవి ఎన్నో పసివాణ్ణి చంకనేసుకుని అన్నం తినిపించే పెరటి భాషకు చెందినవే. వాటిని చిన్నపిల్లల మాటలని పక్కన పెడితే నష్టం భాషకే.

అరుపే తొలి పేరు

కాకిని కావ్‌కావ్ అనీ, పిల్లిని మ్యావ్ అనీ పరిచయం చేశాకే పసివాడికి అసలు పేరు చెబుతారు. ఈ మాటల్లో పెదవులతో పలికే బ, మ లాంటి హల్లులు ఎక్కువ. ఒకే అక్షరాన్ని రెండుసార్లు పలకడమూ ఎక్కువే. క, గలు, ఆపైన ర పిల్లల నోటికి ఆలస్యంగా పట్టుబడతాయి. అందుకే కోతి కాస్తా తోతి అవుతుంది, గుర్రం గుల్లం అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ పలుకునే తిరిగి పలికి మురిసిపోతారు.

అయినా ఈ మాటలను పుట్టించేది పిల్లలే అనుకోవడం సరికాదు. అమెరికా భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1964లో ఆరు భాషల పసిమాటలను పోల్చి చూశాడు. మన పొరుగున ఉన్న మరాఠీ అందులో ఒకటి. ఈ మాటలను పెద్దవాళ్ళే తమ పెద్దల దగ్గర నేర్చుకుని పిల్లలకు అందిస్తారని, ఇది కూడా భాషలో స్థిరపడిన ఒక సంప్రదాయమేనని ఆయన చెప్పాడు. చుట్టాల పేర్లు, తిండి, ఒంటి భాగాలు, జంతువులు ఈ మాటల్లో ప్రధానంగా కనిపిస్తాయి. తెలుగులో బువ్వ పక్కనే బౌబౌ ఉండటానికి కారణం అదే: పసివాడి ముందున్న లోకంలో అన్నం ముద్ద ఒకటి, దాని కోసం వచ్చి నిలబడే కుక్క ఒకటి.

అరుపును బట్టి పేరు పెట్టడం గురించిన చర్చ మన దేశంలో చాలా పాతది. యాస్కుడు నిరుక్తంలో కాకం అనే పేరు ధ్వనికి అనుకరణ అని, పక్షుల పేర్లలో ఇది తరచుగా కనిపిస్తుందని రాశాడు. ఔపమన్యవుడనే ఆచార్యుడు దీన్ని ఒప్పుకోలేదన్న సంగతినీ ఆయనే నమోదు చేశాడు. తెలుగు కాకి, సంస్కృతం నుంచి వచ్చిన కోకిల, కుక్కుటం వింటుంటే మాత్రం యాస్కుడి వైపే మొగ్గాలనిపిస్తుంది. ప్రాచీన ఈజిప్టు భాషలో పిల్లి పేరు మియు. మన పిల్లలు పిల్లిని పిలిచే పేరు దానికి ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ధ్వనులు మనుషుల మీదికీ పాకాయి. పాము బుస కోపిష్టి మనిషికి వచ్చింది. పిట్ట రెక్కల చప్పుడైన తుర్రు, పని చెప్పగానే జారుకునేవాడికి వచ్చింది: తుర్రుమన్నాడు అంటే చాలు, వెళ్ళిన తీరంతా కళ్ళకు కడుతుంది. గొంతు బాగాలేని పాటగాడు గాడిదలా ఓండ్ర పెడతాడు.

వరస కలపడం

తెలుగు కథల్లో జంతువు ఒట్టి జంతువుగా ఉండదు, చుట్టమవుతుంది. కాకమ్మ, చిలకమ్మ, నక్కబావ, కోతిబావ, ఎలుగుబంటి మామ. ఈ వరసల ఎంపిక ఆషామాషీగా జరిగింది కాదు. తెలుగు కుటుంబంలో బావ పరాచికాల వరస. బావను ఏడిపించొచ్చు, బావ చేతిలో మోసపోవచ్చు, తిరిగి మోసం చేసి నవ్వుకోవచ్చు, చివరికి కలిసి భోంచేయొచ్చు. కథలో జిత్తులు పన్నే నక్కకూ గంతులేసే కోతికీ ఆ వరసే సరిపోయింది. గింజలేరుకుని పిల్లలను సాకే పక్షికి అమ్మ చేరింది. పులికీ సింహానికీ ఏ వరసా అంత సులువుగా అతకదు. అవి రాజులుగానే మిగిలాయి.

వరస పేర్లకు ఇంటి వాడుకలో మారు అర్థాలు వచ్చాయి. కోతిబావ అంటే ముస్తాబై వగలుపోయే మగవాడు. కాకమ్మ కథలు అంటే ఎవరూ నమ్మని సాకులు. సాయంత్రం పిల్లవాడికి అన్నం తినిపించడానికి చెప్పే కథకూ, అప్పు తీర్చనివాడు చెప్పే కథకూ ఒకటే పేరు.

కాకి చుట్టూ అల్లుకున్న మాటలు

తెలుగు పసిభాషలో కాకికున్నంత చోటు మరే ప్రాణికీ లేదు. మిద్దె మీద వడియాలు ఎండబెట్టి, పిల్లల చేతికి ఒక కర్ర ఇచ్చి కాపలా పెట్టడం ఒకప్పుడు ఇంటింటా ఉన్న పని. హుష్ అంటే కాకి లేచిపోతుంది, కానీ పోతూ పోతూ ముక్కున ఒకటి కరుచుకునే పోతుంది. ఉన్నది కళ్ళముందే లేకుండా పోవడాన్ని హుష్‌కాకి అనడంలో ఈ అనుభవమంతా ఉంది. చిట్టీల కంపెనీ ఎత్తేసినా, పంట చేతికొచ్చే వేళకు తుపాను వచ్చినా జనం నోట వచ్చే మాట ఇదే. ఒక అదిలింపు, ఒక పక్షి పేరు కలిసి పెద్దల నష్టానికి ఇంత సూటిగా పేరైన సందర్భం తెలుగులో ఇంకోటి కనిపించదు.

కాకి ఎంగిలి పూర్తిగా పిల్లల సొంతం. బడి విరామంలో ఒక్క జామకాయ ఉంటుంది, తినేవాళ్ళు ముగ్గురుంటారు. ఎంగిలి తినకూడదని ఇంట్లో గట్టిగా చెప్పి ఉంటారు. అప్పుడు కాయ మీద చొక్కా అంచో గౌను కొసో కప్పి, గుడ్డ మీదుగా పళ్ళతో కొరికి ముక్క చేస్తారు. గుడ్డ అడ్డం ఉంది కనుక అది కాకి ఎంగిలి, తప్పు లేదు. జీడికైనా, పిప్పరమెంటు బిళ్ళకైనా ఇదే పద్ధతి. మడి, ఎంగిలి గురించి పెద్దలు పెట్టిన కట్టుబాటు లోపలే పిల్లలు దారి వెతుక్కుని, దానికి పేరు కూడా పెట్టుకున్నారు. పంచుకోవడానికి పుట్టిన మాట కాబట్టి దీన్ని తెలుగులోని మంచి మాటల్లో ఒకటిగా లెక్కపెట్టాలి.

కాకితో ముడిపడ్డ మిగతా మాటల్లో మెచ్చుకోలు తక్కువ. కాకిలెక్కలు అంటే నిజం కాని లెక్కలు. కాకిగోల అంటే అర్థంపర్థం లేని రొద. కాకిబంగారం మెరుస్తుంది గానీ బంగారం కాదు. పిల్లకాకి అంటే అనుభవం లేని కుర్రవాడు; పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్న సామెత నుంచి ఆ అర్థం స్థిరపడింది. అదే కాకికి ఇంకో ముఖం ఉంది. కర్మకాండల్లో పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవారికి తీరని కోరిక ఏదో ఉందని ఇంటిల్లిపాదీ కలవరపడతారు. తల్లి పసివాడికి కాకిముద్ద, పిచ్చుకముద్ద అని అన్నం కలిపి పెట్టే పెరట్లోనే, తాత పేరు తలుచుకుంటూ కాకి కోసం ఎదురుచూస్తారు.

పిట్ట

చిన్న పక్షి ఏదైనా తెలుగులో పిట్టే. చిన్నది అన్న ఆ భావన పక్షిని దాటి వెళ్ళింది. మేడ మీద అంచున కట్టే పొట్టి గోడ పిట్టగోడ. పెద్ద కథ నడుమ వచ్చే చిన్న కథ పిట్టకథ. సన్నగా పొట్టిగా ఉన్న మనిషి పిట్ట మనిషి. విచిత్రమేమిటంటే ఎడారిలో తిరిగే అంత పెద్ద ఒంటెకు తెలుగులో లొట్టిపిట అనే పేరుంది. జనం నోట అది లొట్టిపిట్ట అయి కూర్చుంది.

వసపిట్ట అంటే ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్పే పిల్ల. దీని వెనక ఒక ఇంటి వైద్యం ఉంది. పసివాళ్ళకు మాట స్పష్టంగా రావాలని వసకొమ్మును సానరాయి మీద అరగదీసి ఆ గంధాన్ని కొద్దిగా నాలుకకు రాసేవాళ్ళు. అది కాస్త ఎక్కువైతే పిల్ల వాగుడుకాయ అవుతుందని నమ్మకం. అందుకే ఎక్కువగా మాట్లాడే పెద్దవాళ్ళను కూడా చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అని అడుగుతారు.

పిట్టలదొర జానపద కళారూపం. పాత కోటు, టోపీ, చేతిలో కట్టె తుపాకితో ఊళ్ళోకి వచ్చి, తనకు లేని ఆస్తుల గురించి, చేయని పెళ్ళిళ్ళ గురించి గుక్కతిప్పుకోకుండా కోతలు కోసి నవ్విస్తాడు. తెలంగాణలో ఇతన్నే తుపాకి రాముడు అంటారు. కళాకారుల రాక తగ్గింది గానీ, అలవిగాని హామీలిచ్చే నాయకుణ్ణి పిట్టలదొర అనడం రెండు రాష్ట్రాల రాజకీయ ఉపన్యాసాల్లోనూ నేటికీ మామూలే. నవ్వించడానికే కోతలు కోసిన కళాకారుడి పేరును నమ్మించడానికి కోసేవాడికి తగిలించడం ఆ కళకు గౌరవం కాదు.

పిట్ట అన్న మాట సముద్రాలు దాటింది. ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త వియెయో 1816లో ఒక రంగురంగుల పక్షుల ప్రజాతికి పిట్టా అని పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలం తెలుగు పిట్టే. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండాల అడవుల్లో ఆ పక్షులను గుర్తించే ప్రతి పరిశోధకుడూ తెలియకుండానే ఒక తెలుగు ఇంటి మాటను పలుకుతున్నాడు. పందికొక్కుదీ ఇలాంటి కథే. వరిచేల గట్లకు కన్నాలు పెట్టి గింజలు దాచుకునే ఆ పెద్ద ఎలుక పేరు ఇంగ్లీషులో బాండికూట్‌గా మారింది. తర్వాత ఆస్ట్రేలియాలోని, దానితో ఏ చుట్టరికమూ లేని సంచి జంతువులకు తగిలింది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ వీడియో గేముతో ప్రపంచంలోని పిల్లలందరికీ చేరింది. ఇక్కడ మాత్రం పందికొక్కు అంటే ఊరి సొమ్ము తినేవాడు, లేదా తిండికి ఆగలేనివాడు.

చిలక, పిల్లి, కప్ప

చిలక వస్తువుల పేర్లలో ఎక్కువగా స్థిరపడింది. గోడకు బిగించి బట్టలు తగిలించే కొయ్య చిలక్కొయ్య. చుట్టి మడిచిన తమలపాకులు చిలకలు. అచ్చుల్లో పోసిన పంచదార బొమ్మలు పంచదార చిలకలు. అర్థం తెలియకుండా వల్లించేవి చిలకపలుకులు. అన్యోన్యంగా ఉండే దంపతులు చిలకాగోరింకలు. నిజానికి చిలకా గోరింకా వేర్వేరు జాతుల పక్షులు, జంట కట్టవు. సీతాకోకచిలుక పేరులో సీత ఉంది, ఆమె కట్టిన కోక ఉంది, చిలకా ఉంది. పురుగుకు ఇంత అందమైన పేరు పెట్టిన భాషను తలచుకుంటే గర్వంగా ఉంటుంది. ఆ సీతాకోకచిలుకే రెక్కలు రాకముందు కప్పుకున్న గొంగళిని బట్టి గొంగళిపురుగు.

పిల్లి పేరు ఇతర జంతువులకూ అరువు వెళ్ళింది: కుందేలు చెవులపిల్లి, సుగంధం కోసం పట్టేది పునుగుపిల్లి, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి బతికేది బావురుపిల్లి. పిల్లలు చాప మీద వేసేవి పిల్లిమొగ్గలు; మాట మార్చే నాయకులు వేసేవీ అవే. ఎటూ తేలనివాడు గోడ మీద పిల్లి. కప్పగంతులు పిల్లల ఆట. వరస తప్పి చదివేవాడి చదువూ కప్పగంతులే. తలుపుకు వేసేది తాళంకప్ప.

ఆటల పేర్లలో కోతికొమ్మచ్చిది ప్రత్యేక స్థానం. చెట్టు కొమ్మల మీద దొరక్కుండా దూకుతూ ఆడే ఆట ఇది. ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) తన ఆత్మకథకు ఈ పేరే పెట్టుకున్నారు. ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి దూకే ఆయన రాతకు అంతకన్నా తగిన పేరు దొరకదు.

కోడె, ఆంబోతు, బసవన్న

పశువుల వయసు చెప్పే మాటలు మనుషుల వయసూ చెబుతాయి. కోడె అంటే ఎదిగే ఎద్దు. కోడెకాడు, కోడెవయసు దాన్నుంచే వచ్చాయి. వేములవాడ రాజన్న గుడిలో భక్తులు కోడెను కట్టి మొక్కు చెల్లిస్తారు, దాన్ని కోడెమొక్కు అంటారు. గున్న అంటే పిల్ల ఏనుగు, అదే మాట చిన్న మామిడి చెట్టుకు గున్నమామిడి అయింది. పిల్ల అన్న మాట గాలికీ కాలువకూ కూడా అతుకుతుంది: పిల్లగాలి, పిల్లకాలువ. తెలుగు పిల్లకు ఉర్దూ బచ్చాను జోడించి పిల్లబచ్చా అనడం, ఒకే అర్థమున్న రెండు మాటలతో ఎదుటివాణ్ణి రెండింతలు చిన్నవాణ్ణి చేయడం.

దేవుడి పేర అచ్చు వేసి ఊరి మీద వదిలిన ఎద్దు ఆంబోతు. ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరు, బండికి కట్టరు. పనీపాటా లేకుండా ఊరంతా తిరిగేవాణ్ణి అచ్చోసిన ఆంబోతు అనడంలో చిరాకు ఉంది, ఎవరూ ఏమీ అనలేరన్న నిస్సహాయత కూడా ఉంది.

సంక్రాంతికి ఇంటి ముందుకు వచ్చే గంగిరెద్దు మీద రంగుల బొంతలు, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు, పక్కన సన్నాయి, డోలు. గంగిరెద్దులవారు అడిగే ప్రతి మాటకూ అది తల ఊపుతుంది. డోలు చప్పుడును, ఎద్దు పేరును కలిపి పిల్లలు పిలిచే పేరు డూడూ బసవన్న. వృషభ శబ్దం నుంచి వచ్చిన బసవ అన్న మాటకు ఎంత గౌరవముందో తెలియాలంటే పాల్కురికి సోమనాథుడి బసవపురాణం చాలు. అంతటి పేరు పిల్లల నోట ముద్దుపేరై, ఆ తర్వాత ఆఫీసుల్లో, పార్టీల్లో ఎదురు చెప్పడం చేతకానివాడికి బిరుదైంది. తప్పు ఎద్దుది కాదు. దానికి ఆ తల ఊపడం ఎంతో ఓపికతో నేర్పిన విద్య.

తిట్టూ ముద్దూ

గాడిద, కోతి ఒకే నోట తిట్టుగానూ ముద్దుగానూ వస్తాయి. మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని ఒరే గాడిదా అనే తాత మాటలో ఉన్నది ప్రేమే. అదే మాటకు అడ్డ చేర్చి అడ్డగాడిద అంటే ఎదిగీ బుద్ధి రానివాడు. గాడిద గుడ్డు అంటే ఉత్తిదే, ఏమీ లేదు. బుజ్జి అన్న విశేషణం తగిలిస్తే ఎంతటి జంతువైనా ముద్దొస్తుంది, బుజ్జికుక్క, బుజ్జిమేక. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు, డుంబు బొమ్మల కథలు గీసిన సుబ్బరాయశాస్త్రి లోకానికి బుజ్జాయిగానే తెలుసు. 2024లో వచ్చిన కల్కి సినిమాలో మాట్లాడే కారుకు కూడా బుజ్జి అనే పేరు పెట్టారు.

గొర్రె మీద మాత్రం ఈ కాలం దయ చూపలేదు. ఒకదాని వెనక ఒకటి నడిచే గొర్రెదాటు పాత మాటే. ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో అవతలి పార్టీవాళ్ళను, అవతలి హీరో అభిమానులను గొర్రెలు అనడం వాదనకు బదులుగా చెలామణి అవుతోంది. మోసపోయినవాణ్ణి బకరా అంటారు. ఇది హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన మేక.

పేరెత్తడానికి భయపడి వాడే మారుపేర్లు ఇంకో తెగ. పల్లెల్లో చీకటి పడ్డాక పామును పాము అనరు, పురుగు అంటారు. పాము కరిచిందని చెప్పడానికి పురుగు ముట్టింది అంటారు. పేరు పలికితే వస్తుందన్న భయం కొంత, నాగదేవత మీది భక్తి కొంత. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది: ఆసుపత్రికి తెచ్చినవాళ్ళు పురుగు ముట్టిందని చెబితే, ఆ వాడుక తెలియని వైద్యుడు వెంటనే అడిగి తేల్చుకోవాలి.

వాడుకలో మార్పు

పెరళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాక మొదటి అర్థం కళ్ళకు కనబడక, రెండోదే మిగిలిన మాటలు పెరుగుతున్నాయి. గంగిరెద్దును చూడని పిల్లలకు డూడూ బసవన్న అంటే తలూపే మనిషి మాత్రమే. నెమలీకను పుస్తకంలో పెట్టి, మేతగా పెన్సిలు పొట్టు వేసి, పిల్లలు పెట్టిందా లేదా అని రోజూ తెరిచి చూసిన తరానికి డబ్బు పిల్లలు పెడుతుంది అన్న మాటలో ఉన్న రుచి తర్వాతి వాళ్ళకు అందడం కష్టం. ప్రాంతాల తేడాలూ చెరిగిపోతున్నాయి: తెలంగాణ బర్రె, కోస్తా గేదె, రాయలసీమ ఎనుము ఒకే పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి ఒక్కటే నిలుస్తుంది. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు కుక్క ఇంట్లో బౌబౌ, బడిలో వూఫ్.

భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం రైతుల నోటి మాటలను ఊరూరా తిరిగి సేకరించి భద్రపరిచింది. తల్లులు, అమ్మమ్మలు, బడి పిల్లల నోటి మాటలకూ అలాంటి సేకరణ జరగాలి. మీ ఇంట్లో పసివాళ్ళతో వాడే జంతువు పేరు ఏదైనా ఈ వ్యాసంలో కనిపించకపోతే, ఏ ఊళ్ళో, ఎవరు, ఏ సందర్భంలో అంటారో కలిపి ఒక కాగితం మీద రాసిపెట్టండి. అన్నవాళ్ళ గొంతును ఫోనులో రికార్డు చేసి ఉంచండి.